జేబులో పల్లీ

“ముప్పై ఏళ్లుగా ఎలుకల్ని సాకుతున్నా. ఒక్కటీ నన్ను బురిడీ కొట్టించలేదు,” అన్నాడు ప్రయోగశాల తాత, మెదడులో నీరు చేరిన ఎలుకను భుజం మీద పెట్టుకుంటూ.

“నీరు దిగే గొట్టం పెట్టి పది రోజులైంది తాతా. తల రవ్వంతైనా తగ్గలేదు. దీన్నింకా బాధపెట్టొద్దు,” అంటూ డాక్టరమ్మ ప్రాణం తీసే సూది అందుకుంది.

ఆఖరిసారి పల్లీ పెడదామని తాత చొక్కా జేబు తడిమాడు. ఖాళీ. ఎలుక నోరు మాత్రం ఆడుతోంది.

“మొన్నటిదాకా తలెత్తలేక మూల పడుండేది. ఇప్పుడు జేబులో దూరి కాజేసిందమ్మా.”

ఆమె సూది పక్కన పెట్టేసింది.

“అయితే నీరు దిగుతోంది తాతా. సాగిన పుర్రె ఎముక మళ్లీ ముడుచుకోదు, అందుకే తల తగ్గలేదు. నేనేమో తల కొలుస్తూ కూర్చున్నా, నడక చూడలేదు.”

“నన్నూ బురిడీ కొట్టించింది,” అని తాత మురిసిపోయాడు.

ఈ కథ రాస్తూ నేను కల్పించి తాత నోట పెట్టింది ఆ ముప్పై ఏళ్లే. తాత పనిలో చేరి అప్పటికి మూడు నెలలు.