ఉంగరం చప్పుడు

నారాయణగూడ సందులో చీకటి పడ్డాక, ఆశన్న పాత లారీ మీటర్లకు ఎలక్ట్రీషియన్ సృజన్ ఎల్ఈడీ బల్బులు బిగించాడు. స్విచ్ వేయగానే ముళ్లూ అంకెలూ తెల్లగా మెరిశాయి.

"పాత బల్బులు ఆరినప్పుడల్ల మా నాయన ఉంగరంతోని ఈ అద్దం మీద కొట్టేటోడు. కొడితే వెలుగుతుండె. ఆయన పోయినంక నేను వట్టి వేళ్లతోని కొట్టుకుంట నడిపిన," అని స్టీరింగ్ పట్టుకొని నవ్వాడు ఆశన్న.

మీటరు అద్దం టక్ టక్‌మంది.

పక్క సీట్లోంచి సృజన్ తొంగిచూశాడు. ఆశన్న చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఎల్ఈడీలు నాయనా, ఇగ ఆరవు. ఈ పిలగాడే పెట్టిండు," అన్నాడు ఆశన్న సంబరంగా.

చప్పుడు ఆగింది. సృజన్ ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి, శభాష్ అన్నట్టు, అతని భుజం తట్టింది. చొక్కా మీంచి ఉంగరం చల్లగా తగిలింది.