మురుగు మిషన్ ప్రారంభం

"మిషన్ పంజా కదలడం లేదండి," అన్నాడు సామ్యేలు, మురుగు ట్యాంకు మూత దగ్గర మోకాళ్ల మీద కూర్చుని.

ఫెసిలిటీ మేనేజర్ వెంకటనారాయణ గడియారం చూసుకున్నాడు. పదకొండింటికి ప్రారంభోత్సవం. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. పుప్పాలగూడ వైపున్న ఆ ఐటీ క్యాంపస్‌లో పార్కింగ్ వెనక షామియానా వేసి, మిషన్‌కి బంతిపూల దండ కట్టి, ఎర్ర తివాచీ పరిచారు. "ఇకపై ఏ మనిషీ మురుగులోకి దిగడు" అని పెద్ద ఫ్లెక్సీ. పదకొండు దేశాల్లోని కంపెనీ ఆఫీసులు లైవ్‌లో చూస్తాయి.

"బకెట్ దిగుతోందిగా?"

"దిగుతోందండి, పైకీ వస్తోంది. కానీ లోపల మురుగు ఎత్తి బకెట్లో పొయ్యాల్సింది పంజాయే కదండీ. అది చచ్చిపోయింది."

వెంకటనారాయణ ఫ్లెక్సీ వంక చూశాడు. "ఈ ట్యాంకుకి రెండో మూత ఫ్లెక్సీ వెనకే కదా?"

సామ్యేలుకు అర్థమైంది. ముప్ఫైమంది పారిశుద్ధ్య పనివాళ్ల మీద సూపర్‌వైజర్ అతను. "వద్దు సార్. రేపటికి వాయిదా వేయించండి."

"ప్రారంభించే మేడమ్ ఫ్లైట్ రెండింటికి. మొగిలిని పిలువు."

మొగిలి కొత్త నీలం చొక్కాలో వచ్చాడు. జేబు మీద 'మిషన్ ఆపరేటర్' అని కుట్టి ఉంది. ఆ ఉద్యోగం ఆ రోజు నుంచే, నిన్నటిదాకా ట్యాంకుల్లోకి దిగినవాడే. సంగతి విని నవ్వాడు.

"అంటే సార్, మిషన్ ఖరాబైతే మొగిలిగాడే మిషన్ అన్నట్టు. పదకొండు దేశాలు నన్ను జూస్తయా?"

"నిన్ను కాదురా, మిషన్‌ని. మూడు బకెట్లు నింపు, చాలు. లేకపోతే ఈ మిషనూ ఉండదు, నీ ఆపరేటర్ నౌకరీ ఉండదు."

మొగిలి చొక్కా విప్పి, మడత చెడకుండా సామ్యేలు చేతికిచ్చాడు. "గని సార్, మూత దీసి గంటసేపు గాలి తగలనియ్యాలె. గది మా కాయిదా. గ్యాసుంటది."

"గంటా? కంపంతా షామియానాలోకి కొడుతుంది. మేడమ్ కూర్చునేది అక్కడే."

"ఏం గాదు తియ్యన్నా," అన్నాడు మొగిలి, సామ్యేలు ముఖం చూసి. "ఒక్కపారి. రేపటిసంది బటన్ ఒత్తుడే గదా."

సామ్యేలు తన తువ్వాలు తడిపి అతని ముక్కుకి కట్టాడు. నడుముకి తాడు బిగించాడు. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. మొగిలి రెండో మూతలోంచి లోపలికి దిగాడు. సామ్యేలు తాడు రెండో కొస పట్టుకుని నిలబడబోతుంటే వెంకటనారాయణ కేకేశాడు.

"తాడు ఆ గుంజకి కట్టేసిరా సామ్యేలూ! బటన్ నొక్కేదెవరు?"

షామియానాలో ముందు వరసలో మొగిలి భార్య రుక్కమ్మ కూర్చుని ఉంది. భర్తకి శాలువా కప్పుతారని చెప్తే లింగంపల్లి నుంచి పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. సామ్యేలు కుర్చీని నీడలోకి జరిపి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు.

"అన్నా, మా ఆయనేడి?"

"చొక్కా మార్చుకుంటున్నాడమ్మా."

"పెండ్లి నాడు గూడ గింతసేపు తయారు గాలె," అని కిసుక్కున నవ్వింది రుక్కమ్మ.

సెలీనా మేడమ్ వచ్చింది. కంపెనీ సేవా కార్యక్రమాలన్నీ చూసేది ఆమే. మైకులో ఆమె గొంతు వణికింది. "ఈ దేశంలో మురుగు ట్యాంకుల్లో ఎందరు భర్తలు పోయారో! ఇక చాలు." ఆమె కళ్లు నిజంగానే తడిశాయి. రుక్కమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

సామ్యేలు పచ్చబటన్ నొక్కాడు. బకెట్ దిగింది. కొంచెం ఆగి, అంచుల దాకా నల్లటి మురుగుతో పైకొచ్చింది. చప్పట్లు. ఎవరో ఈల వేశారు.

రెండోసారి బకెట్ దిగింది. ఈసారి చాలాసేపు పట్టింది. సగమే నిండి వచ్చింది.

"చూశారా, అప్పుడే తగ్గిపోతోంది!" అంది మేడమ్ కెమెరాతో.

సామ్యేలు మేనేజర్ చెవి దగ్గరికి వంగాడు. "సార్, మీకు దణ్ణం పెడతాను. ఆపించండి. వాడికి ఊపిరాడటం లేదేమో."

"ఇంకొక్కటే కదయ్యా. మేడమ్ తన చేత్తో నొక్కుతానంటోంది. నవ్వు, కెమెరా నీ మీదే ఉంది."

సామ్యేలు నవ్వాడు.

మేడమ్ బటన్ నొక్కింది. బకెట్ దిగింది. అంతా ఆగారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. సామ్యేలు ఫ్లెక్సీ వైపు అడుగేశాడు. వెంకటనారాయణ నవ్వు చెదరకుండానే అతని మణికట్టు పట్టుకున్నాడు. "పైకి లాగండి మేడమ్," అన్నాడు.

తీగ చుట్టుకుంటూ బకెట్ పైకొచ్చింది. మేడమ్ వంగి చూసింది. ఖాళీ.

సామ్యేలు నోరు తెరిచాడు. మణికట్టు మీద మేనేజర్ పట్టు బిగించాడు.

"ఖాళీ!" మేడమ్ బకెట్‌ని కెమెరాకేసి వంచి చూపించింది. "లోపల ఇంకేమీ లేదు! ఒక్క మనిషి చెయ్యి పడకుండా ట్యాంకంతా శుభ్రమైపోయింది!"

పదకొండు దేశాలూ వినేలా, అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది రుక్కమ్మ.