పైకొచ్చే విండో

"మళ్ళీ పైకొచ్చీసింది," అంది ఇందు ఫోనులో.

అవతల వాసుదేవ్ నిట్టూర్చాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. కంప్యూటర్ తెర మీద ఏ విండో పైనుండాలో, ఏది అడుగునుండాలో తేల్చే ప్రోగ్రాం వాళ్ళ పని.

"దేని మీదకి?"

"అన్నిటి మీదకీని. టెస్టింగ్‌కని ఎన్ని విండోలు కప్పినా, అడుగు నుంచి ఆయన మొహమే పైకొస్తంది."

ఇందు భర్త ప్రేమ్‌కుమార్ హఠాత్తుగా పోయి రెండు నెలలు కాలేదు. రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీ దిగగానే తన ఫోను నొక్కితే, ఇంట్లో ఇందు తెర మీద తన ఫోటో పైకి వచ్చేలా సరదాగా తయారుచేసుకున్న విండో అది. వస్తున్నాను, టీ పెట్టమని దాని అర్థం. దాన్ని మూసెయ్యడానికి ఇందుకి చెయ్యి రాలేదు.

"ఆ ఫోను ఎవరి దగ్గరుంది?"

"పాడె ఎత్తే ముందు అత్తమ్మ ఆయన జేబులో పెట్టీసినారట. ఇష్టమైనది ఆయనతో పంపాలి కదా."

"అయితే తప్పు మన కోడ్‌లోనే ఉంది. వెతకండి."

ఇందు వెతికింది. విండోలు తెరిచింది, మూసింది, ఒకదాని మీద ఒకటి పేర్చింది. అన్నీ చెప్పినట్టు వింటున్నాయి, ఆ ఒక్కటి తప్ప. భయమేసింది. ఆ భయంలో కాస్త ఆశ కూడా ఉండడం ఇంకా భయపెట్టింది.

ముందు గదిలో అన్న అమర్‌నాథ్ పెట్టెలు సర్దుతున్నాడు. చెల్లెల్ని విశాఖపట్నం తీసుకుపోవడానికి వచ్చాడు. అక్కడ కొత్త ఉద్యోగం చూసిపెట్టాడు. ఈ సాయంత్రం బండి ఎక్కకపోతే అది ఇంకొకరికి పోతుంది.

అత్తగారు చంద్రావతి టీ తెచ్చింది.

"బేగి తెమలమ్మా. బండి టయానికే వచ్చీగలదు."

"మీరొక్కరూ ఎలాగుంటారత్తమ్మా?"

"నాకేటి? ఈ న్యూ సెటిల్‌మెంటు రైల్వే కాలనీ అంతా మనోళ్ళే. నాకోసం ఆగిపోకు. ఎల్లు తల్లీ."

కళ్ళొత్తుకుంటూ దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇందు కంప్యూటర్ ఆపబోయింది. ప్రేమ్‌కుమార్ మొహం పైకొచ్చింది. దాని మీద ఇంకో విండో కప్పింది. మళ్ళీ పైకొచ్చింది.

వాసుదేవ్‌కి ఫోన్ చేసి, "కోడ్‌లో తప్పు లేదండీ," అని మాత్రం చెప్పింది.

అమర్‌నాథ్ గుమ్మంలోకి వచ్చాడు. "స్టేషనుకి టోటో రిక్షా వచ్చీసింది. ఏడుస్తన్నావేటే?"

"నేను రానన్నయ్యా. వెళ్ళొద్దంటన్నారు."

"ఎవరు?"

ఆమె తెరని అతని వైపు తిప్పింది. తెర మీద బావ మొహం ఉంది. నచ్చజెప్పాలని చూశాడు, ఇందు తల అడ్డంగా ఊపింది. అతను బయటికెళ్ళి టోటోని పంపించేశాడు.

టోటో వెళ్ళిన చప్పుడు విని, దేవుడి గదిలో చంద్రావతి కొడుకు ఫోను ఆపేసింది.