కత్తి దూయని సమురాయ్

మూడో బెంచీ విరిగింది.

"ఫైటింగు యాడప్పా? కత్తి కట్టుకోని తిరుగుతాండాడు గానీ తీయడే!"

"కూరగాయలు తరగనీకేమో లేప్పా!"

బెళుగుప్పలో సురేంద్ర వీడియో హాలు తెరిచి వారం కూడా కాలేదు. అనంతపురం సీడీల షాపువాడు 'కత్తుల సినిమా' అని అంటగట్టింది పాత జపాను బొమ్మ. అరగంటైనా ఒక్క తల తెగలేదు.

ఇంకో బెంచీ గాల్లోకి లేచింది. ఈసారి టీవీ మీదికే.

"ఆగండప్పా!"

వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"ఆ సమురాయి చెయ్యి సూడండి. దొర కొడుకు చెంప మీద కొట్టినాడు. చెయ్యి కత్తి మీదికి పోయింది. వణుకుతాండాది, సూడండి."

చూశారు. నిజంగానే వణుకుతోంది. మెల్లగా కత్తిని వదిలేసింది.

బెంచీ కిందికి దిగింది.

"ఏల తీయలేదన్నా?"

"ఆ పిల్లోన్ని భుజాన మోసి పెంచినాడు. వానికి తెలీదు పాపం."

"ఏం తెలీదు?"

"కడాకు తెలుస్తాది. సూడు."

హాలంతా బీడీలు ఆర్పి మరీ చూస్తోంది. సురేంద్రకు ఊపిరి తిరిగింది.

"పెద్దాయనా, దీన్ని యాడ సూసినావు?"

"జైల్లో ఏసినారు నాయనా."

తలలు తిరిగాయి. ముందు వరసలోని గంగాధరప్ప గుర్తుపట్టేశాడు.

"ఓయ్, బయ్యన్న! పక్క చేని రంగన్నను నరికి జైలుకు పోయినోడు!"

సురేంద్ర ఒక్క అంగలో వచ్చి కాలర్ పట్టుకున్నాడు.

"నువ్వేనా వాడివి? మా ఇంట్లో జీతముండి, మా నాయన ఉప్పు తిని, ఆయన సచ్చేదాకా తలెత్తకుండా చేసినావు. లెయ్‌రా బయటికి!"

"ఇంగ రొంతే ఉండాది. సూసి పోతా నాయనా."

చెంప పేలింది.

బయ్యన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. తల వంచుకుని నడిచాడు.

అప్పుడే గుమ్మం దగ్గరికొచ్చిన సురేంద్ర తల్లి పుష్పావతి ఆయన్ను చూసి కొయ్యబారింది. తేరుకుని రోడ్డు మీదికి పరిగెత్తేసరికి ఆయన ఎక్కిన బస్సు కదిలిపోయింది.

రొప్పుతూ తిరిగొచ్చింది.

"వాన్ని కొట్టినావా?"

"నరికినోన్ని కొట్టక హారతి ఇయ్యల్లనా?"

లోపలి నుంచి ఎవరో కేకేశారు. "అన్నా, ఆ ముసలాయన్ను పిల్చుకోని రా! ఆ పిల్లోనికేం తెలీదో సెప్పకుండానే పాయ!"

పుష్పావతి కొడుకు మొహంలోకి చూడలేకపోయింది.

"బయ్యన్న జైల్లో ఉండంగ వాని పెండ్లాం సచ్చినప్పుడు గూడా నేను నోరు తెరవలే. సిగ్గులేని బతుకు నాది. వాడు కేసు మీదేసుకున్నాడు, అంతేరా. రంగన్నను నరికింది మీ నాయన."