సారు బిడ్డ

“అక్కడ దీపం గాదు బిడ్డా, దారి,” అంది వసంత.

రజని చదవడం ఆపి పాటల పుస్తకంలోకి మళ్లీ చూసింది. ‘పలకబట్టిన పిల్ల పదిమందికి దీపం’ అనే అచ్చయి ఉంది. వసంత సంచిలోంచి నాలుగు నోటుబుక్కులు తీసి బల్ల మీద పెట్టి, చాయ్ మరక పడ్డదాన్ని ఆమె ముందుకు జరిపింది. అందులో ఆమె నాయిన లక్ష్మీరాజం చేతిరాతలో నిజంగానే ‘దారి’ అని ఉంది.

“సూసినవా, సారు బిడ్డంటే ఏందో,” అన్నాడు రవీందర్, ఆ పాట తనే కట్టినంత గర్వంగా.

జగిత్యాలలో కొత్తగా కట్టిన రీడింగ్ రూముకు లక్ష్మీరాజం పేరు పెట్టించాలని రవీందర్ కమిటీ రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరిగింది. లక్ష్మీరాజం తాటిచెట్లెక్కే కులవృత్తి మానేసి, మల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో రాత్రిబడులు నడిపినవాడు. ఆడపిల్లను బడికి పంపమని ఆయన కట్టిన పాటలు పాడని ఊరు ఆ దిక్కున లేదు. సర్కారు జీతం లేకున్నా జనం ఆయన్ని సారూ అనే పిలిచేవారు. ఆయన పోయి పదేళ్లయింది.

అంతా కుదిరాక ఈ రజని వచ్చి పడింది. ఆమె తల్లి కూడా సారు దగ్గర అక్షరాలు దిద్దినదేనట. యూనివర్సిటీలో ఆయన పాటల మీద పరిశోధన చేస్తూ మల్లాపూర్, బుగ్గారం తిరిగింది. సారు పాడింది ఒకటి, ఇంట్లో చేసింది ఒకటి అని ఒకరిద్దరు ముసలివాళ్లు అన్నారట. ఏం చేశాడని అడిగితే మాత్రం నోరు విప్పలేదట. ఆ సంగతి కమిటీ ముందు పెట్టేసరికి సగం మంది వెనక్కి తగ్గారు. చివరికి కన్నబిడ్డ ఏం చెబితే అదే ఖాయమని తేల్చుకుని, కోరుట్ల నుంచి వసంతను పిలిపించారు. ఆమె ఊ అంటే బోర్డు ఉంటుంది, ఊహూ అంటే పోతుంది.

“పాట ఊరిదైపోయింది. మనిషి మట్టిల కలిసిండు. పాటను పాట లెక్కనే సూడాలె గని, ఇప్పుడు మనిషిని తవ్వుడెందుకు?” అన్నాడు రవీందర్.

“బోర్డు మీద రాసేది పాట కాదు కద సార్, పేరు,” అంది రజని. “గా పేరు ఎసొంటి మనిషిదో తెల్వకుండ ఎట్ల రాస్తం?”

ఇద్దరూ వసంత వైపు తిరిగారు.

ఇలా తన వైపు తిరిగే ముఖాలు ఆమెకు అలవాటే. ఏటా సారు వర్ధంతికి పిలుస్తారు, శాలువా కప్పుతారు, నాయిన పాట ఒకటి పాడమంటారు. నలభై మూడు పాటలూ ఆమెకు నోటికి వచ్చు. పాడాక చప్పట్లు కొట్టి బస్సెక్కిస్తారు. పెనిమిటి పెళ్లయిన రెండేళ్లకే పోయాడు, పిల్లల్లేరు. కోరుట్లలోని ఒంటిగదిలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆ పాటలే తనకు తాను పాడుకుంటుంది. పాట ఆపితే ఆకు కత్తిరించే చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ ఉండదు, అందుకే ఆపదు. ఎవరు వచ్చినా, ఎవరు పిలిచినా అడిగేది నాయిన గురించే.

“మిమ్ముల మంచిగ సూస్కున్నడా అమ్మా?” అంది రజని మెల్లగా.

వసంత తడబడింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అడుగుతారని కూడా ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తల్లి ఆయాసంతో మంచాన పడ్డప్పుడు వసంతకు ఏడేళ్లు. బీడీల చాట తల్లి ఒళ్లోంచి ఆమె ఒళ్లోకి వచ్చింది. నాయిన పొద్దు గూకగానే సైకిలెక్కి ఊళ్లకు పోయేవాడు. పాట కట్టిన రోజు మాత్రం ముందు ఆమె పక్కన కూచునేవాడు. పాడి వినిపించి, ఎట్లుంది బిడ్డా అని అడిగేవాడు. ఆమె నచ్చలేదన్న మాటను మార్చేవాడు కూడా. ఆ కాసేపు తప్ప ఆయన ఇంట్లో కూచున్నది ఆమెకు గుర్తు లేదు. ఆ కాసేపటి కోసమే ఆయనంటే ప్రాణం పెట్టింది. మిగిలిన పొద్దంతటికీ కడుపులో కోపమూ ఉంది. అది ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

“కొట్టలే, తిట్టలే,” అంది చివరికి. “ఏ పాట గట్టినా ముందుగాల నాకే ఇనిపించిండు.”

రవీందర్‌కు అంతమాత్రం చాలు. ముందే టైపు చేయించి ఉంచిన కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. వసంత దాన్ని ముట్టుకోలేదు.

“నువ్వే సదువు తమ్మీ, నేను ఇంట,” అంది.

రవీందర్ గొంతు సవరించుకున్నాడు. “మా నాన్న లక్ష్మీరాజం గారు బయట ఏది పాడారో ఇంట్లోనూ అదే ఆచరించారు. ఆయన తొలి శిష్యురాలిని నేనే.”

“మళ్లొకపారి సదువు.”

అతను మళ్లీ చదివాడు. వసంత గోడ మీది నాయిన ఫొటో వైపు చూస్తూ కూచుంది. ఆయన పాట విని బడి మొఖం చూసిన పిల్లలు ఇవాళ నర్సులయ్యారు, టీచరమ్మలయ్యారు. వాళ్ల బిడ్డ ఒకతి ఎదురుగానే కూచుని పరిశోధన చేస్తోంది. ఆ బోర్డును తన చేతులతో దించడానికి వసంతకు మనసొప్పలేదు. ఈ కాగితాన్ని ఊరికే ఒప్పుకోవడానికీ మనసొప్పలేదు.

“పాట అబద్ధం గాదు,” అంది. “బోర్డు పెట్టుండ్రి. గీ కాయితంల గూడ ఒక్క ముక్క మార్వకుండ్రి. ఎట్లున్నది అట్లనే ఉండనియ్యిండ్రి.”

రజని ముఖం చిన్నబోయింది. తన ముందున్న నోటుబుక్కు మూసి పక్కన పెట్టేసింది. రవీందర్ సంబరంగా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపించాడు.

“పెన్నెందుకు తమ్మీ, ఏలుముద్ర ఏస్త,” అంది వసంత.