ఎగిరిపోయిన ఫికర్

ఖయ్యూం కంచం పక్కకు నెట్టేశాడు. "ఇంకోటి పోయింది. పోయి ఆ జుల్ఫికర్‌గాని మిద్దెమీద వాలింది."

పక్కపక్క మిద్దెల మీద పావురాలు పెంచే ఈ ఇద్దరి మధ్య కట్టుబాటు ఒక్కటే. ఎవరి పావురమైనా అవతలి మిద్దెమీద వాలి గింజలు తిన్నదంటే, ఇక అది అవతలివాడిదే. ఏడాదిగా ఈ పంతంతో ఖయ్యూంకు కంటిమీద కునుకు లేదు, బీపీ దిగదు. నిన్న కళ్లు తిరిగి మెట్ల మీద పడబోయాడు. భార్య వజీరున్నీసా గుండెల్లో రాయి పడింది.

"దాదాకు ఏమైంది, దాదీ?" ఏడేళ్ల మనవరాలు షిఫా అడిగింది.

"ఫికర్ బిడ్డా, దిగులు. పిల్లి దుంకితే పావురం గుండె దడదడ కొట్టుకుంటది. పిల్లి పోతే మళ్ల మామూలైతది. గదే పిల్లి పొద్దుమాపు గూడు ముందట్నే కూసుంటే?"

"తినది. పండదు."

"ఈకలు రాల్తయి, రోగమొస్తది. మనిషికీ గంతే. ఒక్కనాటి ఫికర్ ఏం జెయ్యది. ఏండ్లకేండ్లు ఉంటే కడుపు మండుతది, నిద్ర పట్టది, బీపీ పెరిగి గుండె ఖరాబైతది."

"మరి మందు?"

"గోలీలున్నయి. ముందుగాల ఆ ఫికర్‌ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టాలె."

షిఫా బుద్ధిగా తలూపింది. పిల్లకు ఇంత బాగా తలకెక్కినందుకు వజీరున్నీసా మురిసిపోయింది. పెద్దలు చెప్పింది పిల్లలు వినకపోతే ఒక తంటా, వింటే పది తంటాలు.

పొద్దున్నే చూస్తే గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక్క పావురం లేదు. ఖయ్యూం అక్కడే కూలబడ్డాడు.

"నేనే ఇడిచిపెట్టిన దాదా," అంది షిఫా. "నీ ఫికర్ పోయింది."

వజీరున్నీసా మోకాళ్ల నొప్పి మరిచి గోలీలు తేవడానికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆకాశంలో రెక్కల చప్పుడు. ఖయ్యూం పావురాలు ఒక్కటీ తప్పకుండా వచ్చి వాలాయి. వాటి వెంటే జుల్ఫికర్ పావురాలు కూడా మందకు మందే దిగి గింజల మీద పడ్డాయి.

ఖయ్యూం ముఖం చాటంత అయింది. "చూసినవా? నావి పోయి వాని మందనే ఎంటేసుకొచ్చినయి. పెంపకమంటే గిదీ. ఆకలైతుంది, నాస్తా పెట్టు."

ఎన్నాళ్లకో ఆ మాట విని వజీరున్నీసాకు ప్రాణం లేచొచ్చింది.

షిఫా ఆమె చెవి దగ్గరకు వంగింది. "పాపం, జుల్ఫికర్ దాదాకు కూడ బీపీ ఉందంట గదా దాదీ. ఆయన పండుకున్నప్పుడే గోడ దుంకి, ఆయన గూడు కూడ తెరిచొచ్చిన."