మూడు వేళ్ల గ్లవ్స్

“ఈ చేతికి సరిపోయే గ్లవ్స్ నా దగ్గర లేవమ్మా,” అన్నాడు ఎయిలిఫ్.

మోల్‌ఫ్రిద్ ఎడమ చేతిని కౌంటర్ మీద నుంచి తీయలేదు. ఆ చేతికి మధ్యవేలు, ఉంగరపు వేలు మొదలంటా లేవు. ఫ్యాక్టరీలో చేపలు కోసే యంత్రం పట్టుకుపోయింది.

“వెతక్కుండానే లేవంటే ఎలా? నేనింకా కోటు కూడా విప్పలేదు,” అంది.

“వెతకడానికేముంది? ముప్ఫై ఏళ్లుగా ఈ బోడో రేవులో డైవింగ్ సామాన్లు అమ్ముతున్నాను. ఖాళీ వేళ్లలో గాలి చేరుతుంది. నీళ్లలో అవి ఊగుతూ ప్రతిదానికీ తగులుకుంటాయి. నాలుగు డిగ్రీల నీళ్లలో నడుముకి కట్టిన బరువుల బెల్టు బకిల్ తీయలేకపోతే ఏమవుతుందో తెలుసా?”

“ట్రోమ్‌సో ఊళ్లో కొట్టువాళ్లూ ఇదే మాట చెప్పి పంపించారు. వాళ్లూ తొడిగి చూడలేదు. మీరు చూసి చెప్పండి.”

శనివారం. మూడింటికి కొట్టు కట్టేయాలి. అప్పటికే ఒంటిగంట దాటింది. ఎయిలిఫ్ గోడకున్న గడియారం వంక చూసి, ఆమె వంక చూసి, లోపలికెళ్లి ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రై సూట్ ఒకటి తెచ్చాడు. దాని చేతుల చివర గట్టి రింగులున్నాయి. గ్లవ్స్‌ని ఆ రింగులకి బిగిస్తే లోపలికి చుక్క నీరు రాకూడదు.

“మీ సూట్ తెచ్చుకోలేదా?”

“మీ దాంతోనే చూడండి.”

ఆమె కోటు విప్పి సూట్ చేతుల్లో తన చేతులు దూర్చింది. లోపల ఉన్ని గ్లవ్స్, పైన ఐదు వేళ్ల రబ్బరు గ్లవ్స్ తొడిగి రింగులకి బిగించాడు. బకెట్‌లో నీళ్లు పోసి, మంచు ముక్కలు వేసి, ఒక బెల్టు పడేశాడు.

“కళ్లు మూసుకుని బకిల్ తీయండి. కింద వెలుతురు ఉండదు.”

మోల్‌ఫ్రిద్ చేతులు ముంచింది. ఖాళీ వేలొకటి మడతపడి బకిల్లో ఇరుక్కుంది. లాగింది. రెండోది ఇరుక్కుంది. మూడుసార్లు ప్రయత్నించినా అంతే.

“చెప్పానా,” అన్నాడు ఎయిలిఫ్. గెలిచినట్టు మాత్రం అనలేదు.

“ఇంకో రకం తీయండి.”

“ఇంకో రకమంటే...” నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒక పెట్టె దించాడు. మూడు వేళ్ల గ్లవ్స్. బొటనవేలికి ఒక గది, చూపుడువేలికి ఒక గది, మిగతా మూడింటికీ కలిపి ఒకే సంచి. ముందు చిన్న సైజు తొడిగాడు. “పిడికిలి బిగించండి. లాగుతోందా?”

“కొంచెం.”

“కొంచెమైనా వద్దు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు. రక్తం ఆడకపోతే ఎంత ఉన్నీ కాపాడదు.”

పెద్ద సైజు బాగానే పట్టింది. కానీ ఆ సంచిలో చిటికెనవేలు ఒక్కటే దిక్కులేకుండా తిరుగుతోంది. దేన్నీ అదిమి పట్టలేకపోతోంది.

“కత్తెర ఉందా? సూదీ దారం?” అడిగింది మోల్‌ఫ్రిద్.

“ఆ ఉన్ని గ్లవ్స్ ఇంకా మీవి కాలేదు.”

“అవుతాయి, ఇవ్వండి.”

ఉన్ని గ్లవ్స్‌లో ఖాళీగా ఉన్న రెండు వేళ్లూ కత్తిరించింది. ఆ ముక్కల్ని ఉండచుట్టి, చిటికెనవేలి పక్కన మెత్తలా పెట్టి కుట్టేసింది. సూది పట్టింది కుడిచేత్తో, గుడ్డ పట్టింది ఆ మూడువేళ్లతో. ఎయిలిఫ్ గ్లవ్స్ మళ్లీ తొడిగి, రింగులు బిగించాడు.

ఈసారి బకిల్ ఊడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. సూట్‌లోకి గాలి వదిలే బటన్ కూడా నొక్కింది. కానీ గ్లవ్స్ విప్పి చూస్తే మణికట్టు దగ్గర ఉన్ని తడిసి ముద్దయింది.

“కారింది. ఇక చాలు, వదిలేద్దాం,” అన్నాడు ఎయిలిఫ్.

ఆమె రింగుని కిటికీ వెలుతురుకి ఎత్తి, చుట్టూ వేలితో తడిమింది. ఒక ఉన్ని పోగు రబ్బరు అంచుకి అంటుకుని ఉంది.

“నేను కత్తిరించిందే. గ్లవ్స్ తప్పు కాదు.” రింగు తుడిచి, ఉన్నిని హీటర్ మీద ఆరబెట్టి, మళ్లీ తొడుక్కుని తనే బిగించింది. “ఈసారి పది నిమిషాలు ముంచి ఉంచుతాను, టైము చూడండి.”

ఎయిలిఫ్ తలుపు దగ్గరికెళ్లి ‘మూసివేయబడినది’ అన్న బోర్డు తిప్పి వచ్చాడు. కాఫీ కలిపి, ఒక కప్పు ఆమె నోటికి అందేలా పట్టుకున్నాడు.

“ఇంత పట్టుదల దేనికి?”

“ఇరవై రెండేళ్లు కాడ్ చేపల్ని కోశాను. రోజుకి ఎన్ని వేలో. బతికున్న చేపని దానింట్లో ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలి.”

 పది నిమిషాలయ్యాక ఎయిలిఫే రింగులు విప్పాడు. ఉన్ని గ్లవ్స్‌ని చెంపకి ఆనించుకుని చూశాడు. పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

“ముప్ఫై ఏళ్ల అనుభవం అన్నాను కదా,” అన్నాడు మెల్లగా. “దాన్ని పక్కన పెట్టండి.”

గ్లవ్స్ కాగితంలో చుట్టాడు. సన్నటి గొట్టాలు రెండు తనంతట తనే అందులో వేశాడు. “సూట్ మణికట్టు పట్టీ కింద పెట్టుకోండి. లోతుకెళ్తే గ్లవ్స్ చేతిని పిండేస్తాయి. సూట్‌లో గాలి వీటిలోంచి వచ్చి సర్దుతుంది. అలవాటయ్యేదాకా ఒడ్డు దగ్గరే దిగండి. కావాలంటే మొదటిసారి నేనూ వస్తాను.”

“రండి. మీరుంటే ధైర్యం.”

ఎయిలిఫ్ సంతోషంగా పుస్తకం తీసి ఆమె పేరు రాసుకున్నాడు. “ఇంతకీ ఇదివరకు ఎంత లోతుకి దిగారు?”

“మోకాళ్ల దాకా,” అంది మోల్‌ఫ్రిద్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “చేతికి గ్లవ్స్ దొరుకుతాయని తేలాకే నేర్చుకుందామని ఆగాను. సోమవారం నుంచి ఈత క్లాసుకి వెళ్తున్నాను.”